వోర్మ్స్‌లో ఏ రాయి ఏ కాలానిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న వోర్మ్స్ పట్టణం గురించి, అక్కడి యూదుల పాత పేట గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాము. ఒకే సంగతిని పలువురు అడిగినచోట వాటిని ఒక ప్రశ్నగా కలిపాము.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు మాన్‌హైమ్‌లో ఉంటున్నారు. వారి దగ్గరకు వెళ్లినప్పుడు పక్కనే ఉన్న వోర్మ్స్ కూడా చూడాలని మా ఉద్దేశం. అక్కడి యూదుల ప్రార్థనాలయం 1034 నాటిదని ఒకచోట చదివాను, 1961లో కట్టినదని మరొకచోట చదివాను. ఇందులో ఏది నిజమండీ?

జవాబు: రెండూ నిజమే. 1175 అని, 1700 అని రాసినవారు ఉంటే వారు కూడా తప్పు రాసినట్టు కాదు. ఆ పేటలో ఏ కట్టడానికీ ఒక్క పుట్టినతేదీ ఉండదు గనుక ఏ రాయి ఏ కాలానిదో విడదీసి చూసుకుంటూ నడిస్తే తప్ప అక్కడ చూసినది మనసుకు పట్టదు.

1034లో దావీదు కుమారుడు యాకోబు, ఆయన భార్య రాహేలు తమ సొమ్ముతో అక్కడ సినగాగ్ కట్టించారు. తెలుగు బైబిలులో సమాజమందిరం అని చదువుకున్నది ఇదే. ఆ మొదటి కట్టడం ఇప్పుడు లేదు. ఆ దంపతుల పేర్లు చెక్కించిన హీబ్రూ శిలాఫలకం మాత్రం అన్ని ఆపదలనూ దాటి వచ్చి, నేటికీ ముఖద్వారం దగ్గర గోడలో కనిపిస్తుంది. 1174–75లో పాతదాని స్థానంలో కొత్త మందిరం లేచింది. నడుమ రెండు స్తంభాలు, వాటి మీదుగా సాగే కమాను కప్పు, ఆకులూ తీగెలూ చెక్కిన స్తంభశీర్షాలు దాని ప్రత్యేకత. అదే కాలంలో ఊరి నడిబొడ్డున కథీడ్రల్ పని కూడా నడుస్తోంది. రెండింటి చెక్కుడు పనినీ పోల్చి చూసిన నిపుణులు ఒకే శిల్పుల బృందం రెండుచోట్లా పనిచేసిందని చెబుతారు. క్రైస్తవుల గుడికీ యూదుల మందిరానికీ ఒకే ఉలి పనిచేసిందన్న ఈ సంగతిని దారి చూపే పుస్తకాలు ఒక వాక్యంతో దాటేస్తాయి. అంతకు 80 ఏళ్ల ముందు అదే ఊళ్లో యూదులపై జరిగిన మారణకాండ తెలిసినవారికి అది అంత తేలికగా దాటిపోయే సంగతి కాదు.

ఆ తరువాతి కథ కూలడమూ, తిరిగి లేవడమూ. 1349లో ప్లేగు వ్యాపించినప్పుడు, యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు పుట్టి, అక్కడి యూదు సమాజం మొత్తం హింసకు బలైంది, కట్టడం దెబ్బతింది. 1615లో పట్టణవాసులు యూదులను ఊరినుంచి తరిమేసి సినగాగ్‌ను, శ్మశానాన్ని పాడుచేశారు. చక్రవర్తి ఆజ్ఞతో మరుసటి ఏడాదే వారు తిరిగి వచ్చారు. 1689లో ఫ్రెంచి సేనలు ఊరంతటికీ నిప్పు పెట్టినప్పుడు యూదుల పేట కూడా తగలబడింది, 1700 నాటికి సినగాగ్‌ను మళ్లీ బాగుచేసుకున్నారు. 1938 నవంబరు 10న నాజీలు దానికి నిప్పు పెట్టారు. మిగిలిన మొండిగోడలను 1942లో కూలదోశారు.

యుద్ధం ముగిశాక, శిథిలాల్లోంచి ఏరి దాచిన చెక్కుడు రాళ్లతోనూ శాసనాలతోనూ 1959లో పునర్నిర్మాణం మొదలుపెట్టి, 1961 డిసెంబరు 3న మందిరాన్ని తిరిగి ప్రారంభించారు. ప్రార్థన చేసేవారే లేని ఊళ్లో ప్రార్థనాలయం ఎవరికోసమన్న వాదన అప్పుడే వచ్చింది. కట్టకపోతే కూల్చినవారి మాటే చివరిమాట అవుతుందన్న వాదన కూడా అంతే గట్టిగా వినిపించింది. నాకు రెండో వాదన సబబుగా తోస్తుంది. అయితే కట్టినదానిని ఆనాటిదే అన్నట్టు చూపించడం మాత్రం సరికాదు. ద్వారం దగ్గర కాసేపు ఆగి చూడండి. కాలం అరగదీసిన పాత చెక్కుడు పక్కనే, అంచులు ఇంకా పదునుగా ఉన్న ఇరవయ్యో శతాబ్దపు రాయి కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య అతుకు ఉన్నచోటే ఈ ఊరి చరిత్ర అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న: సినగాగ్ పక్కనే రాషీ గది, అందులో ఆయన కూర్చున్న రాతి కుర్చీ ఉన్నాయని విన్నాము. అది నిజంగా ఆయన కూర్చున్నదేనా?

జవాబు: కాదు. బైబిలుకూ, యూదుల ధర్మశాస్త్ర చర్చల సంపుటి అయిన టాల్ముడ్‌కూ రాషీ రాసిన వ్యాఖ్యానాలు లేకుండా ఈనాటికీ యూదుల చదువు సాగదు. ఆయన 1040లో ఫ్రాన్సులోని ట్రువాలో పుట్టి, 1105లో అక్కడే మరణించాడు. యువకుడిగా 1060ల ప్రాంతంలో మైంజ్‌లోనూ వోర్మ్స్‌లోనూ గురువుల దగ్గర చదువుకున్న మాట వాస్తవం. మీరు చూడబోయే గది మాత్రం 1624లో ఒక దాత కట్టించినది. రాషీ మరణించిన 500 ఏళ్లకు పైబడి కట్టిన గదిలోని కుర్చీలో ఆయన ఎలా కూర్చుంటాడు? చదువుల పేరున్న ఊరు తన గొప్ప విద్యార్థి జ్ఞాపకానికి ఒక చోటు కావాలనుకుంది, అంతే.

ఆ పక్క సందులోని గోడలో ఒక గుంట కూడా చూపిస్తారు. నిండు గర్భిణి ఒకామె ఆ ఇరుకు సందులో వెళ్తుండగా బండి ఒకటి మీదికి దూసుకొచ్చిందట, గోడ మెత్తబడి ఆమెను లోపలికి ఇముడ్చుకుందట. ఆమె రాషీ తల్లి అని కొందరు, యెహూదా హెహాసిద్ అనే మరొక మహానుభావుడి తల్లి అని కొందరు చెబుతారు. 17వ శతాబ్దంలో ఈ సినగాగ్‌లో పరిచారకుడిగా పనిచేసిన యూస్పా షామెస్ ఊరి ఆచారాలనూ ఇలాంటి కథలనూ శ్రద్ధగా రాసిపెట్టాడు. అలాంటి కథలను తేదీల కోసం కాదు, భయంతో బతికిన వీధి ఏ కోరిక కోరుకునేదో తెలుసుకోవడానికి చదవాలి.

ప్రశ్న: యూదులు అంత తొలిరోజుల్లోనే వోర్మ్స్‌లో ఎందుకు స్థిరపడ్డారు? వారికి రాజుల అండ ఉండేదా?

జవాబు: ఉండేది, కాని అది అక్కరకు రాని రోజులు కూడా ఉన్నాయి. రైన్ నది మీద సరుకు రవాణా సాగే ఊరు గనుక వ్యాపారులకు అనువుగా ఉండేది. 1074లో రాజు నాలుగవ హెన్రీ, తనకు కష్టకాలంలో తోడు నిలిచినందుకు వోర్మ్స్ వాసులకు కొన్ని సుంకాలను రద్దుచేస్తూ ఇచ్చిన పత్రంలో యూదులను, తక్కిన పట్టణవాసులను కలిపి పేర్కొన్నాడు. 1090లో యూదులకు విడిగా హక్కుల పత్రమే ఇచ్చాడు. ఆరేళ్లు తిరక్కుండానే, 1096 మే నెలలో, మొదటి క్రూసేడుకు, అంటే క్రైస్తవుల మతయుద్ధానికి, బయలుదేరిన మూకలు ఊరిమీద పడ్డాయి. తొలుత ఇళ్లలో ఉండిపోయినవారిని, వారం తరువాత బిషప్ కోటలో తలదాచుకున్నవారిని చంపారు. హీబ్రూ వృత్తాంతాలు మృతుల సంఖ్యను 800గా చెబుతున్నాయి. అప్పటికి చక్రవర్తి అయిన హెన్రీ ఆ సమయంలో ఇటలీలో ఉన్నాడు. బలవంతంగా క్రైస్తవం పుచ్చుకున్నవారు తమ మతానికి తిరిగి వెళ్లవచ్చని మరుసటి ఏడాది అనుమతి ఇచ్చాడు, చనిపోయినవారికి దానితో ఒరిగేదేమీ లేదు.

మిగిలినవారు తిరిగి ఊరు చేరారు. స్పైయర్, వోర్మ్స్, మైంజ్ అనే మూడు పొరుగు పట్టణాల యూదు సమాజాలు కలిసి వివాహం, వారసత్వం, పన్నులు, న్యాయవిచారణ వంటివాటిపై 1220 ప్రాంతంలో ఉమ్మడి కట్టుబాట్లు చేసుకున్నాయి. ఈ మూడింటినీ కలిపి హీబ్రూ పేర్ల తొలి అక్షరాలతో షూమ్ నగరాలంటారు. మధ్య యూరప్ యూదుల ఆచారాలలో చాలా భాగం ఈ మూడు ఊళ్ల నుంచి పాకినవే. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది వోర్మ్స్‌ను ఒక్కదాన్నే కాదు, మూడింటిలోని యూదు స్థలాలనూ కలిపి చేర్చింది.

ప్రశ్న: మిక్వే అంటే స్నానాల గదేనా? దానిని అంత లోతున ఎందుకు కట్టారు?

జవాబు: శరీరం శుభ్రం చేసుకునే చోటు కాదది. శుభ్రంగా స్నానం చేసి వచ్చాకే అందులో మునగాలి. రుతుకాలం ముగిశాకా, ప్రసవం తరువాతా స్త్రీలు, కొత్తగా మతంలో చేరేవారు నీటిలో ఒక్క వెంట్రుక కూడా పైకి తేలకుండా పూర్తిగా మునిగి లేవాలి. అన్యుల దగ్గర కొన్న గిన్నెలను సైతం వాడకానికి ముందు అందులో ముంచుతారు. ఆ నీరు చేదతో తోడి పోసినది కాకూడదు. వాన నీరో, ఊట నీరో తనంతట తానుగా చేరినదై ఉండాలి. నది ఊరి గోడల అవతల ఉన్నప్పుడు, చలికాలంలో గడ్డకట్టేటప్పుడు, బయటికి వెళ్లడమే ప్రమాదమైనప్పుడు ఏం చేయాలి? భూగర్భజలం తగిలేదాకా తవ్వుకుంటూ పోవడమే మార్గం. అందుకే అంత లోతు. ఆ లోతు ఊరిని బట్టి మారుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రీడ్‌బెర్గ్‌లో 1260లో కట్టిన మిక్వే కోసం 25 మీటర్లు తవ్వవలసి వచ్చింది.

వోర్మ్స్ మిక్వేను 1185–86లో కట్టారు. సినగాగ్ ఆవరణలోంచి మెట్లు దిగుతూ పోతే ముందు ఒక చిన్న గది వస్తుంది. అక్కడినుంచి ఇంకా దిగితే చతురస్రాకారపు రాతి గొయ్యి, దాని అడుగున నీరు. మెట్టు మెట్టుకూ చల్లదనం పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. దేశంలో జరిగిన యుద్ధాలు, పైన కాలిన మంటలు ఆ లోతుకు చేరలేదు గనుక ఇక్కడ చూసే రాయిలో చాలామటుకు పన్నెండో శతాబ్దపుదే. అలాగని దానికి అవమానం జరగలేదనుకోకండి. వాడకం తప్పిపోయాక అది మురుగు గుంటగా మారింది, జనం దాని సంగతే మరిచారు. 1895లో మళ్లీ బయటపడ్డాకే అది ఏమిటో గుర్తించి శుభ్రం చేశారు. పరిరక్షణ పనుల వల్ల లోపలికి వెళ్లనివ్వని కాలాలు ఉంటాయి గనుక ముందే కనుక్కొని వెళ్లండి. తలుపు మూసి ఉంటే స్పైయర్ వెళ్లండి. అక్కడి యూదుల ప్రాంగణంలోని మిక్వే దీనికన్నా పాతది, 1120 ప్రాంతానిది, దాదాపు చెక్కుచెదరనిది. నన్నడిగితే కట్టడంగా అదే మేలైనది.

ప్రశ్న: అక్కడి ప్రార్థనాలయంలో స్త్రీలకు వేరే గది ఉండేదని రాస్తారు. అంటే స్త్రీలను దూరం పెట్టినట్టే కదా? ఆ గదిలో వారు ఏం చేసేవారు?

జవాబు: మీ ప్రశ్నలోని ఘాటు న్యాయమైనదే గాని జవాబు అంత సూటిగా లేదు. 1212–13లో యోయేలు కుమారుడు మేయిర్, ఆయన భార్య యూదితు స్త్రీలకోసం పురుషుల మందిరానికి ఉత్తరపు వైపున ఒక ప్రార్థనాలయాన్ని ఆనించి కట్టించారు. యూరప్‌లో తెలిసినంతలో ఇలాంటివాటిలో ఇదే తొలి వరుసలోనిది. నడిమి గోడలో చిన్న కిటికీల వంటి కంతలే ఉండేవి, అవతలి ప్రార్థన వినిపించడమే తప్ప కనిపించడం అరుదు. ఆ గోడను 19వ శతాబ్దంలో సంస్కరణవాదులు తెరిచి విశాలమైన కమానులు చేశారు. నచ్చనివారి కోసం 1875లో ఎదురుగానే లేవీ అనే దాత పేరిట మరొక సినగాగ్ వెలిసింది. ఈ రెండోది యుద్ధం చివర బాంబులకు కూలిపోయింది.

గోడ వల్ల వేరుపడ్డ ఆ గదిలో స్త్రీలు ఊరికే కూర్చోలేదు. 1275లో మరణించిన ఊరానియా అనే ఆమె సమాధి శాసనంలో, సినగాగ్ గాయకుల పెద్ద అయిన తండ్రి లాగే ఆమె కూడా మధురంగా పాడుతూ స్త్రీల ప్రార్థనను నడిపించేదని రాసి ఉంది. ఆమెకన్నా ముందు, ఆ గది కట్టకముందే, వోర్మ్స్ రబ్బీ, అంటే యూదు మతగురువు, ఎలియాజరు భార్య డుల్సియా ఉండేది. ఆమె వ్యాపారం చేసి ఇంటినీ భర్త శిష్యులనూ పోషించింది, యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలు 40 దాకా కుట్టింది, ప్రార్థనాలయానికి ఒత్తులు చేసింది, ఊరూరా స్త్రీలకు ప్రార్థనలు నేర్పింది. 1196లో ఆయుధాలతో ఇంట్లో చొరబడినవారు ఆమెనూ, బెల్లెట్, హన్నా అనే ఇద్దరు కూతుళ్లనూ చంపారు. బెల్లెట్‌కు పదమూడేళ్లు, హన్నాకు ఆరు. సహాయం కోసం అరుస్తూ వీధిలోకి పరుగెత్తి, అక్కడే డుల్సియా ప్రాణాలు విడిచింది. ఈ వివరాలన్నీ భర్త రాసుకున్న విలాపగీతంలోనివి. ఆ కాలపు యూదు స్త్రీ దినచర్య ఇంత దగ్గరగా కనిపించే రాత మరొకటి దొరకడం కష్టం.

ప్రశ్న: శ్మశానాన్ని తప్పక చూడాలని అందరూ అంటారు. సమాధుల మధ్య చూడదగ్గది ఏముంటుంది?

జవాబు: ఉన్నది ఉన్నట్టు మిగిలిన చోటు అదొక్కటే. పాత ఊరిగోడకు అవతల, నైరుతి దిక్కున ఉన్న ఆ నేలను పవిత్ర ఇసుక అని పిలుస్తారు. అక్కడ దాదాపు 2,500 సమాధిరాళ్లు ఉన్నాయి. చదవగలిగినవాటిలో అతి పాతది 11వ శతాబ్దానిది. యూరప్‌లో తన స్థానంలో తాను నిలిచి ఉన్న యూదు శ్మశానాలలో ఇదే అతి పురాతనం. 1911లో ఊరి అంచున కొత్త శ్మశానం తెరిచేదాకా ఇక్కడే ఖననాలు సాగాయి. గడ్డిలోకి సగం కూరుకుపోయి, ఒక్కొక్కటి ఒక్కో పక్కకు ఒరిగిన ఎర్ర ఇసుకరాళ్లు అవి. అక్షరాల మీద నాచు పాకింది, కొన్నిచోట్ల వేలితో తడిమితేనే చెక్కుడు తెలుస్తుంది. యెరూషలేము వైపుకు, అంటే తూర్పుకు తిరిగి ఉండాలని మనం ఊహించే రాళ్లు ఇక్కడ ఎక్కువగా దక్షిణానికి తిరిగి ఉండడం ఒక విశేషం. 1427లో మరణించిన మహారిల్ అనే రబ్బీ సమాధి మాత్రం తూర్పుకే ఉంటుంది.

లోపలికి వెళ్లిన కొద్దిదూరంలోనే పక్కపక్కన నిలిచిన రెండు రాళ్ల మీద గులకరాళ్ల గుట్టలు, మడిచిపెట్టిన కాగితపు చీటీలు కనిపిస్తాయి. మొదటిది రోథెన్‌బుర్గ్ రబ్బీ మేయిర్‌ది. దేశం విడిచి వెళ్లబోతుండగా 1286లో ఆయనను పట్టుకొని రాజు రుడాల్ఫ్ చెరలో పెట్టించాడు. తనకోసం సమాజం విడుదల సొమ్ము చెల్లిస్తే రేపు ప్రతి రబ్బీనీ ఇలాగే పట్టుకొంటారని ఆయన అందుకు ఒప్పుకోలేదని సంప్రదాయం చెబుతుంది. 1293లో చెరలోనే పోయాడు. శవాన్ని కూడా వదలలేదు, 14 ఏళ్ల తరువాత, 1307లో, అలెగ్జాండర్ వింఫెన్ అనే వర్తకుడు పెద్దమొత్తం చెల్లించి విడిపించాడు. చనిపోయినప్పుడు తనను ఆయన పక్కన పాతిపెట్టాలన్న ఒక్క కోరికే కోరాడు. అదే ఏడాది కన్నుమూశాడు. రెండో రాయి అతనిది. చీటీలు నేటి భక్తులు రాసిపెట్టి వెళ్లిన ప్రార్థనలు, వాటిని విప్పి చదవకండి.

శ్మశానంలో ఒకచోట నిలబడితే ఒరిగిన రాళ్ల మీదుగా కథీడ్రల్ గోపురాలు కనిపిస్తాయి. సమీపంలోని హెప్పెన్‌హైమ్‌లో 1938 దాకా నివసించిన తత్త్వవేత్త మార్టిన్ బూబర్ ఇక్కడికి వచ్చేవాడు. 1933 జనవరిలో, హిట్లర్ అధికారానికి రావడానికి కొద్దిరోజుల ముందు, ఒక క్రైస్తవ పండితునితో జరిగిన బహిరంగ చర్చలో ఆయన ఈ దృశ్యాన్నే ప్రస్తావించాడు. అక్కడ అంత పొందికైన కథీడ్రల్, ఇక్కడ వంకరపోయిన రాళ్లు, వాటి కింద బూడిద, అయినా దేవుడితో తమ ఒడంబడిక రద్దు కాలేదని ఆయన వాదం. ఆ చోటును ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

ప్రశ్న: వోర్మ్స్ మాఖ్‌జోర్ అనే పాత గ్రంథం అక్కడ చూడవచ్చునా?

జవాబు: అసలు ప్రతి అక్కడ లేదు. పండుగల ప్రార్థనలు ఉన్న ఆ రెండు పెద్ద చేతిరాత సంపుటాలు ఇప్పుడు యెరూషలేములోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. మొదటి సంపుటం రాత 1272లో ముగిసింది. దీనిని ప్రార్థనాలయానికి మోసుకెళ్లినవాడికి శుభదినం కలగాలన్న ఒక వాక్యాన్ని అందులో ఒక పెద్ద పదపు అక్షరాల ఖాళీలలో, యూరప్ యూదులు మాట్లాడిన యిడ్డిష్ భాషలో రాశారు. తేదీ తెలిసిన యిడ్డిష్ రాతల్లో అదే మొదటిది. గ్రంథం బరువు చూస్తే ఆ దీవెన ఊరికే రాలేదనిపిస్తుంది. నాజీల కాలంలో దానిని కాపాడి, కథీడ్రల్‌లో దాచినవాడు పట్టణపు పత్రాగారాధికారి ఫ్రీడ్రిష్ ఇల్లెర్ట్. 1957లో అది యెరూషలేము చేరింది.

ప్రశ్న: ఇప్పుడు వోర్మ్స్‌లో యూదులు ఉన్నారా? దర్శనానికి వెళ్లేవారు పాటించవలసిన నియమాలేమైనా ఉన్నాయా?

జవాబు: 1933లో సుమారు 1,100 మంది ఉండేవారు. వలస వెళ్లగలిగినవారు వెళ్లారు, మిగిలినవారిని 1942లో తూర్పున పోలండ్‌లోని పియాస్కీకి, తరువాత తెరేజియన్‌స్టాట్ అనే నాజీల నిర్బంధ కేంద్రానికి తరలించారు. యుద్ధం తరువాత ఊళ్లో విడిగా యూదు సమాజం ఏర్పడలేదు. 1990ల నుంచి పాత సోవియట్ దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారు కొందరు ఉన్నారు, వారు మైంజ్ సమాజంలో సభ్యులు. పాత సినగాగ్‌లో అప్పుడప్పుడు ప్రార్థనలు జరుగుతాయి గనుక అది కేవలం ప్రదర్శనశాల కాదని గుర్తుంచుకోండి. ఊళ్లో నడుస్తున్నప్పుడు కాలిబాటలో పది సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు కనిపిస్తే వంగి చదవండి. గున్టర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన ఈ పనిలో, ఫలానావారు ఇక్కడ నివసించారు, ఫలానా ఏట ఫలానా చోటికి తరలించారు అని చివరి నివాసం ముందే రాసి నాటుతారు.

శనివారాలూ యూదుల పండుగ రోజులూ శ్మశానం మూసి ఉంటుంది. శుక్రవారం వెళ్లేవారు కూడా పొద్దున్నే వెళ్లడం మంచిది. లోపల పురుషులు తల కప్పుకోవాలి, టోపీ వెంట ఉంచుకోండి. పూలు తీసుకువెళ్లే ఆచారం వారికి లేదు, ఒక గులకరాయి చాలు. క్రైస్తవ మతసంస్కర్త లూథర్ 1521లో చక్రవర్తి ముందు నిలిచిన ఊరు గనుక జనం కథీడ్రల్ వైపుకే పోతారు. మీరు మాత్రం ముందు శ్మశానానికి వెళ్లి, తరువాత ఊరి మీదుగా నడిచి, ఉత్తరపు కోటగోడను ఆనుకొని వంపు తిరిగే యూదుల వీధికి రండి. సినగాగ్ వెనుక 1982లో తెరిచిన రాషీ భవనంలో మ్యూజియం ఉంది. ఒకప్పుడు ఈ సమాజం పెళ్లిళ్లు, నాట్యాలు జరుపుకొన్న ఇల్లు నిలిచిన చోటే అది. కొత్త భవనమే అయినా కింది నేలమాళిగల గోడలు మధ్యయుగాలవి. చివర్లో గంట సమయమైనా దానికి మిగుల్చుకోండి.